రామకోటిలోనూ బాకీ పడుతున్నాను: విశ్రాంతి ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న (పెరుంగుడి, చెన్నై)

పెద్దలకు నమస్కారం. మాది నెల్లూరు. 14 ఏళ్లుగా చెన్నైలో ఉంటూ ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నాను. ఉద్యోగపు ఒత్తిడి నుంచి కాస్త తెరిపి దొరుకుతుందన్న ఆశతో, అమ్మ రాసే రామకోటి పుస్తకం లాంటిదే ఒకటి తెచ్చుకుని, ఏడాది క్రితం రాయడం మొదలుపెట్టాను. రోజుకు 500 నామాలని నియమం పెట్టుకున్నాను. ఆ లెక్కన కోటి నిండడానికి 20,000 రోజులు, అంటే దాదాపు 55 ఏళ్లు పడుతుందని తేలిన నాటి నుంచి లోపల ఒకటే తొందర. తప్పిన రోజుల నామాలను చివరి పేజీలో ఎర్ర సిరాతో ‘బాకీ’ అని రాసుకుంటూ వస్తున్నాను. ఇప్పుడది 6,500కు చేరింది. ఆదివారం నాడు ఆ బాకీ తీర్చడానికి కూర్చుంటే వేళ్లు నొప్పి పుట్టడమే గాని, నామం మీద మనసు నిలవడం లేదు.

అమ్మ మాత్రం మధ్యాహ్నం కునుకు తీసి లేచాక గళ్లలో నాలుగు నామాలు రాస్తుంది. పొయ్యి మీద పప్పు గుర్తుకు వస్తే కలం పక్కన పెట్టి లేచి వెళ్తుంది. తిరిగి వచ్చి, ఎక్కడ ఆపిందో అక్కడే అందుకుంటుంది. ఎన్ని అయ్యాయని అడిగితే ఆమెకు తెలియదు. ఆమె ముఖంలో ఉన్న ఆ నెమ్మది నాకెందుకు రావడం లేదు? రాయడం మానేస్తే తప్పు చేసినట్లు ఉంటుంది, రాస్తే అలసట. ప్రయత్నం లేని విశ్రాంతి అంటూ ఒకటి ఉంటే, అది సోమరితనం కాదా?

సమాధానం (ట్రిప్లికేన్)

అమ్మా, మీరు చివర అడిగిన మాట మీద శ్రీవైష్ణవులలో కొన్ని శతాబ్దాల పాటు చర్చ జరిగింది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా కరుచుకుని ఉంటుంది. పట్టు వదిలితే పడిపోతుంది. పిల్లికూనను మాత్రం తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. కూన చేయవలసిందల్లా గింజుకోకుండా ఉండడమే. మొదటిదాన్ని మర్కట కిశోర న్యాయమనీ, రెండోదాన్ని మార్జాల కిశోర న్యాయమనీ అంటారు. శ్రీవైష్ణవుల రెండు శాఖలలో వడకలై వారు మొదటి పోలికను, తెన్‌కలై వారు రెండోదాన్ని చెబుతారు. మా పార్థసారథి కోవెల తెన్‌కలై సంప్రదాయానిది కాబట్టి నా మొగ్గు ఎటో మీరు ఊహించగలరు.

ఒకసారి ఇక్కడికి వచ్చి ఉత్సవమూర్తి ముఖాన్ని దగ్గర నుంచి చూడండి. ఆ ముఖం మీద మచ్చలు ఉంటాయి. ఆయుధం పట్టనని మాట ఇచ్చి, పగ్గాలు మాత్రమే పట్టుకున్న సారథికి కురుక్షేత్రంలో తగిలిన భీష్ముని బాణాల గుర్తులవి అని చెబుతారు. ఆ రథంలో అర్జునుడు సోమరిగా కూర్చోలేదు, చివరి దాకా యుద్ధం చేశాడు. అయితే రథం ఎటు పోవాలన్న దిగులు అతనిది కాదు, ఎదురుగా వచ్చిన బాణాలన్నీ అతనొక్కడికే తగలలేదు. మీరు గాండీవంతో పాటు పగ్గాలు కూడా పట్టుకుని కూర్చున్నారని నాకు అనిపిస్తోంది. ఆ చివరి పేజీలో బాకీ రాసింది మీరే గాని, రాముడు కాదు గదా.

సమాధానం (పెరంబూరు)

నేను క్రైస్తవురాలిని, నర్సుగా పనిచేస్తున్నాను. మీ నామం వేరైనా అలసట నాకు బాగా తెలిసినదే, అందుకని రాస్తున్నాను. బైబిల్లోని ఆదికాండంలో మనిషి సృష్టి జరిగింది ఆరవ దినాన. ఆ మరునాడే విశ్రాంతి దినం. అంటే మనిషి కళ్లు తెరిచాక చూసిన మొదటి పూర్తి దినం విశ్రాంతిదే. అప్పటికి అతను ఏ పనీ చేసి ఉండలేదు, ఆ విశ్రాంతిని కష్టపడి సంపాదించుకోనూ లేదు. ఈ సంగతి అర్థమయ్యేదాకా, వారమంతా ఒళ్లు అరిగేలా పనిచేస్తే గాని ఆదివారం కూర్చునే హక్కు నాకు లేదనుకునేదాన్ని.

బైబిల్లోనే ద్వితీయోపదేశకాండంలో విశ్రాంతి దినాన్ని పాటించాలన్న ఆజ్ఞకు మరో కారణం కనిపిస్తుంది: మీరు ఐగుప్తులో (ఈజిప్టులో) దాసులుగా ఉండేవారని గుర్తుంచుకోండి అని ఇశ్రాయేలీయులకు చెప్పిన మాట. దాసుడికి సెలవు ఉండదు, విడుదల పొందినవాడే పని ఆపగలడు. పైగా ఆ విశ్రాంతి ఇంటి యజమానికి మాత్రమే కాదు, పనివారికీ, ఎద్దుకూ, గాడిదకూ కూడా ఉండాలి. మీ వేళ్లకు కూడా ఒక రోజు ఇవ్వండి, అక్కా.

సమాధానం (మైలాపూరు)

పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే, ప్రయత్నాన్ని పూర్తిగా పక్కన పెట్టవద్దని వీణ నేర్పే మనిషిగా మనవి చేస్తున్నాను. సోణుడనే భిక్షువు పాదాలు పగిలి నెత్తురు కారేంత వరకు నడుస్తూ ధ్యానం చేసి, చివరికి విసిగి ఇంటికి పోదామనుకున్నాడట. అతను పూర్వాశ్రమంలో వీణ వాయించేవాడు కాబట్టి బుద్ధుడు అతన్ని తంతి గురించే అడిగాడు: బిగువు మితిమీరితే పలుకుతుందా? వదులైతే పలుకుతుందా? నా విద్యార్థులలో శ్రద్ధ ఎక్కువ ఉన్నవారే బిరడను అవసరానికి మించి తిప్పి తంతి తెంపుకుంటారు. మీకు 500 ఎక్కువ శ్రుతి. ఎంతవరకు తగ్గించాలో చెవి పెట్టి విని మీరే తెలుసుకోవాలి, నేను సంఖ్య చెబితే అది మరో నియమమవుతుంది.

ఇంకొక మాట. అలసట నెలల తరబడి వదలకపోతే రక్తంలో ఇనుము, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఒంటి నీరసాన్ని భక్తి లోపమనుకుని బాధపడేవారిని నేను చూశాను.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ కృతజ్ఞతలు. రక్తపరీక్షకు ఇచ్చి వచ్చాను. చివరి పేజీ చింపడానికి చేయి రాలేదు, దాని మీద తెల్ల కాగితం అతికించాను. నిన్న రాత్రి పుస్తకం తెరిచి, ఒక్క వరుస రాసి, ఆ అక్షరాలను చూస్తూ ఉండిపోయాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుని, కలం ఇలా ఇవ్వమంది. తర్వాతి వరుస ఆమె రాసింది.