వడ్లూరులో పూజలు అధ్యక్ష ఎన్నికకేనా?

కొబ్బరితోట (అమలాపురం):
2024 నవంబరులో తణుకు దగ్గర వడ్లూరుకి టీవీ కెమెరాలన్నీ దిగిపోయాయి. అమెరికా ఉపాధ్యక్షుడిగా గెలిచిన జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు కదా, పూజలూ సంబరాలూ సహజమే. కానీ ఆవిడ భర్త 2022 నవంబరులో ఒహాయో నుంచి సెనేట్‌కి గెలిచినప్పుడు ఆ ఊరి పేరెత్తిన ఛానెల్ నాకైతే గుర్తులేదు. చట్టాలు చేసేది ఆ వందమంది సెనేటర్లూ, ప్రతినిధుల సభలో 435 మందీ. ఆ రెండు సభలూ కలిపితేనే వాళ్ల కాంగ్రెస్. ఏ వీధిలో అడిగినా అమెరికాలో ఒకరుంటారు మనకి. అయినా అధ్యక్షుడి ఎన్నికకి రాత్రంతా మేలుకుంటాం, కాంగ్రెస్ ఎన్నికలొస్తే తేదీ కూడా తెలీదు. ఇది మనకే నష్టం అంటాను.

వనామీ చెరువు (భీమవరం):
నేనొప్పుకోనండి. 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి ఎక్కింది అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక్కడి సంతకంతో. ఏ సభలో ఓటింగు పెట్టారు? ఇక్కడ మాత్రం రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) రేట్లు కోసేశారు. మేం చూడాల్సింది ఆ సంతకం పెట్టేవాణ్ణే.

కొబ్బరితోట:
సుంకాలు వేసే అధికారం వాళ్ల రాజ్యాంగం ఇచ్చింది కాంగ్రెస్‌కండీ. 1977 నాటి అత్యవసర అధికారాల చట్టం అడ్డుపెట్టుకుని ఆయన వేశారు. ఆ చట్టం చేసింది కాంగ్రెసే, మార్చాల్సిందీ కాంగ్రెసే.

వనామీ చెరువు:
మార్చారా మరి? అధికారం ఉండీ వాడుకోనివాళ్ల ఎన్నిక నేనెందుకు చూడాలండి?

మండపేట టు డల్లాస్:
బాబాయ్ గారూ, మీ రొయ్యల సంగతి నాకు తెలీదు, గ్రీన్‌కార్డు సంగతి చెప్తా. ఉద్యోగం మీద ఇచ్చేవాటిలో ఒక దేశానికి 7 శాతమే అన్న పరిమితి 1990 నాటి చట్టంలోది. ఏ అధ్యక్షుడూ సంతకంతో తీసెయ్యలేడు. 2019 జులైలో ఆ పరిమితి ఎత్తేసే బిల్లు ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెంటికీ పొత్తు కుదరలేదు, జనవరిలో ఆ సభ గడువుతోపాటే బిల్లూ పోయింది. అప్పుడు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల నిండా జార్జియా రాష్ట్రంలో ఓట్ల లెక్కింపు, ట్రంపా బైడెనా అన్న గోలే. మన బిల్లు చచ్చిపోయిందన్న మెసేజ్ ఒక్కటి రాలేదు. ఇంకో మాట, ఇక్కడివాళ్లూ అంతే. 2020లో మూడింట రెండొంతుల మంది ఓటేస్తే, 2022 మధ్యంతర ఎన్నికల్లో (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నికలు) సగం కూడా రాలేదు.

రిటైర్డ్ మాస్టారు (రాజోలు):
జనానికి ఒక ముఖం కావాలి నాయనా. 2024 మే 13న మనం వేసినవీ రెండు ఓట్లే. పందేలన్నీ పిఠాపురం మీద. ఎంపీ ఓటు దేనికని అడిగితే ఎంతమంది చెప్పగలరు? ముందు అది చూసుకుని తర్వాత ఒహాయో గురించి మాట్లాడదాం.

కొబ్బరితోట:
మాస్టారూ, అది ఇంకో చర్చ. చెరువు గారికి ఒక్కటి చెప్తాను. లూసియానా సెనేటర్లు తమ రాష్ట్రంలో రొయ్యలు పట్టేవాళ్ల కోసం, మన రొయ్యల మీద ఇంకా సుంకాలు వెయ్యమని పోరుతూ ఉంటారు.

వనామీ చెరువు:
అది ముందే చెప్పొచ్చు కదండీ! ఎప్పుడు వాళ్ల ఎన్నిక?

కొబ్బరితోట:
ఒక సీటుకి 2026లో, రెండోదానికి 2028లో.

వనామీ చెరువు:
సరే, చూస్తాను. కానీ అక్కడ ఎవరు గెలిచినా ఆ రొయ్యలవాళ్ల ఓట్లు కావాలి కదండీ, మన వైపు ఎందుకు మాట్లాడతాడు?