బైపీసీతో పాటు ఇంకేం చేయాలి?

గాజువాకలో ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదువుతున్నా. అమెరికాలో మెడిసిన్ సీటుకి వాలంటీరింగ్, డాక్టర్ల వెంట తిరగడం కూడా చూస్తారని మా అక్క చెప్పింది, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నేను దేంట్లో చేరాలి?

↳ తమ్ముడూ, ఇక్కడ నీట్‌లో 720కి ఎన్ని వచ్చాయన్నదే లెక్క. ఎన్‌సీసీ, స్పోర్ట్స్ కోటాలు ఉన్నాయి గానీ సీట్లు చాలా తక్కువ, వాటి కోసమే మొదలుపెట్టకు.

↳ నేను ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుతున్నా. మా కాలేజీ ఆసుపత్రి కేజీహెచ్ వార్డులో, పాడేరు ఏజెన్సీ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తన నొప్పి గురించి చెబుతుంటే సగం మాటలు నాకు అర్థం కాలేదు, ఆరోజు చాలా బాధేసింది. అందుకే ఆదివారం ఒక్క గంట ఏ వృద్ధాశ్రమానికైనా వెళ్లి వాళ్లు చెప్పేది విను. సాయంత్రం బీచ్ రోడ్డులో నడువు, నిద్ర మాత్రం తగ్గించకు.

↳ థాంక్స్ అక్కా, ఈ ఆదివారమే వెళ్తా.