పథకాల డబ్బులు మన సీమలో ఎవరికి పడినాయి, ఎవరికి ఆగినాయి, ఎందుకు ఆగినాయి? తెలిసినోళ్ళు చెప్పండి

అనంతపురం_టైలరమ్మ:
అక్కలూ అన్నలూ, మాది అనంతపురం టౌనే, బాడుగిల్లు. నేను మిషన్ కుడతా, మా ఆయన టమోటా మండీలో హమాలీ. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఏడో క్లాసు, చిన్నది నాలుగో క్లాసు. తల్లికి వందనం (బడికి పోయే పిల్లోల తల్లులకి గవర్నమెంటు వేసే డబ్బులు) 2025 జూన్ 12న మొదలైనప్పుడు మా వీధిలో ఒకామెకి ముగ్గురు పిల్లలకి కలిపి 39 వేలు పడింది, నాకు రూపాయి పడలే. వార్డు సచివాలయంలో అడిగితే నెలకి కరెంటు 300 యూనిట్లు దాటిందమ్మా మీకు రాదు అనినారు. మా ఇంట్లో రెండు ఫ్యాన్లు, పాత ఫ్రిజ్జు, నా మిషను, ఎండాకాలంలో కూడా నూరు యూనిట్లు దాటదు. బిల్లు తీసుకపోయి చూపిస్తే మేం ఏం చేసేది అమ్మా సిస్టంలో అట్ల చూపిస్తాంది అంటారు. ఇప్పుడు దసరా కూడా అయిపాయె, ఇంగ ఆశ వదులుకోవాల్నా? ఎవరికన్నా ఇట్ల ఆగి మళ్ళీ వచ్చినాయా?

హంద్రీ_గట్టు:
అక్కా మీ బిల్లుతో పని లేదు, మీ ఆధార్‌కి ఎవరి మీటరు తగిలించినారో చూడాల. మా కర్నూల్లో మా పిన్నికి ఇదే అయింది. ఆమె ఐదేండ్ల ముందర ఉన్న ఇంటి ఓనరుది కింద షాపులు పైన మూడు పోర్షన్లు, అప్పుడు సర్వేకి వచ్చినోళ్ళు ఈమె ఆధార్‌ని ఓనరు మీటర్లకి కలిపేసి పోయినారు, ఈమె ఇల్లు మారింది గానీ ఆ మీటర్లు మాత్రం ఈమె వెంటనే వచ్చినాయి. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ని ‘నా ఆధార్ మీద ఏయే సర్వీస్ నంబర్లు ఉన్నాయో చూపించు సారూ’ అని అడగండి, ఊరికే ‘డబ్బులు రాలేదు’ అంటే వాళ్ళు కూడా ఊరికే ‘రాదు’ అంటారు. ఆ నంబర్లు రాసుకొని కరెంటాఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికి పోయి, ఈ మీటర్లు నావి కాదు నా ఆధార్ తీసేయండి అని అర్జీ పెట్టాల. వాళ్ళు తీసినాక మళ్ళీ సచివాలయంలో గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టాల. రెండు చోట్లా చేయాల, ఒక చోట చేసి ఊరుకుంటే కాదు.

ఇంకోటి, 300 యూనిట్లనేది ఒక నెల లెక్క కాదు, 12 నెలల సగటు చూస్తారు. ఒక్క మే నెల దాటిందని ఎవరన్నా చెప్తే నమ్మద్దండి.

కడప_కారం:
పైన అన్న చెప్పింది కరెక్టు. దీన్నే సిక్స్ స్టెప్ వాలిడేషన్ అంటారు. ఆదాయం పల్లెలో నెలకి 10 వేలు, టౌన్లో 12 వేలు లోపల ఉండాల, మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు దాటకూడదు, కారు ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకి మినహాయింపు), ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి గానీ ఇన్‌కం టాక్స్ కట్టేవాళ్ళు గానీ ఉండకూడదు, టౌన్లో వెయ్యి చదరపు అడుగులు మించి సొంత ఆస్తి ఉండకూడదు, ఆ పైన ఈ కరెంటు. వీటిల్లో ఏది తగిలినా ఇంటిల్లిపాదికీ ఆగిపోతాది, ఒక్కరికే కాదు.

మాకు తగిలింది ఇన్‌కం టాక్స్. మా అన్న బెంగళూరులో కంపెనీ పని, మూడేండ్లుగా ఆడనే కాపురం, వాడి జీతంలో టాక్స్ కట్ అవుతాది. వాడి పేరు మా అమ్మానాయిన రైస్ కార్డులోనే ఉండిపాయె. నాకు పెండ్లయి వేరే కాపురం, అయినా నేను కూడా అదే కార్డులో, దాంతో నా కొడుక్కి ఆగింది. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ (ఒక కుటుంబం కింద ఎవరెవరున్నారనే లెక్క) విడగొట్టించుకునే దాకా ఏ పథకానికి పోయినా అదే మాట. 2025 మే నుంచి రైస్ కార్డు స్ప్లిట్, పేర్లు ఎక్కించడం తీసేయడం మళ్ళీ తెరిచినారు కాబట్టి అయింది, లేకుంటే ఇంకా అట్లే ఉండేవాళ్ళం.

సుగ్గి_వెంబడి:
మాది కర్నూలు జిల్లా కోసిగి దిక్కు. మా కత వేరే. మాకు కార్డు ఉంది, మీటరు సరిగ్గనే ఉంది, అకౌంటు సరిగ్గనే ఉంది, పిల్లోని హాజరు లేదు. దీపావళి అయితానే మా ఊర్లో సగం ఇండ్లకి తాళాలు పడతాయి, సుగ్గికి గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి పోతాము, మళ్ళీ ఉగాదికి వచ్చేది. పిల్లోల్ని ఎవరి దగ్గర ఇడిసిపెట్టేది? ఎంట తీసకపోతే 75 శాతం హాజరు యాడ నుంచి వస్తాది? పదమూడు వేల కోసరం సుగ్గి మానుకుంటే ఇంట్లో ఏం తినేది చెప్పండి. స్కీము రాసినోళ్ళకి మా దిక్కు ఎట్ల బతుకుతారో తెల్దా అనిపిస్తాది ఒక్కోసారి.

హంద్రీ_గట్టు:
@సుగ్గి_వెంబడి అన్నా మీ మండలాల్లో సీజనల్ హాస్టల్ పెడతారు కదా స్కూల్లోనే, సమగ్ర శిక్ష వాళ్ళది. అమ్మానాయిన వలస పోయిన పిల్లోల్ని ఆడ ఉంచుకొని అన్నం పెట్టి చదివిస్తారు, హాజరు కూడా ఆడిదే పడతాది. మీరు పోయేకి ముందే హెడ్మాస్టరుకి పేర్లు ఇయ్యాల, పోయినాక ఫోన్లో చెప్తే కాదు.

సుగ్గి_వెంబడి:
తెలుసన్నా, పెద్దోన్ని పోయినేడు అట్లే ఇడిసిపెట్టినాము, బాగనే చూసుకున్యారు. చిన్నది ఉండదు, అమ్మ కావాల అంటాది. రేషన్ మాత్రం ఇబ్బంది లేదు, మా కార్డు మీద గుంటూరు కాడ డిపోలో కూడా బియ్యం ఇస్తారు, మనిషికి 5 కేజీలు, దుడ్డు కట్టే పని లేదు. ఆడ ఇబ్బంది ఏందంటే ఏలిముద్ర. మిరపకాయ కోసి కోసి ఏళ్ళు నున్నగ అయిపోతాయి, తొడిమ తెంపే కాడ తోలు పొర్లు పొర్లుగ లేస్తాది, మంటకి కొబ్బరినూనె పూస్తాము, ఆ ఏలు మిషన్లో పెడితే ఎర్రలైటు. మా ఆడది పది ఏళ్ళు మార్చి మార్చి పెట్టినా పడలే. కన్ను చూసే మిషను ఉంటాది, అది తీయమని డీలర్ని గట్టిగ అడగాల, అడిగితేనే బయటికి తీస్తాడు.

గుంతకల్_జంక్షన్:
సుగ్గికి పోయే పెద్దోళ్ళు ఉంటే పింఛను సంగతి కూడా చెప్తా. ఒకటో తారీకు ఊర్లో లేకుంటే ఆ నెలది పోదు, రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మూడూ కలిపి ఇస్తారు. మూడు నెలలు వరసగా రాకపోతే మాత్రం వలస పోయినారని ఆపేస్తారు. మా అవ్వ మా అత్త కాడ బళ్ళారిలో ఉంటాది, లెక్క పెట్టుకొని మధ్యలో ఒకసారి తీసకొస్తాము, 4 వేలు ఇంటూ మూడు 12 వేలు ఒకేసారి చేతికి. అవ్వకి అదొక పండగ, లెక్కపెట్టి రొంటిన దోపుకొని ఎవ్వరికీ ఇయ్యదు 😄

బళ్ళారి అంటే గుర్తొచ్చింది, ఆడోళ్ళకి మన ఫ్రీ బస్సు ఆంధ్రా లోపలే, బళ్ళారి బస్సులో టికెట్ కొనాల్సిందే, అవ్వ కండక్టరుతో కొట్లాడింది.

ప్రొద్దుటూరు_మగ్గం:
ఫ్రీ బస్సు మాత్రం మాకు నిజంగా మిగులు. మా చెల్లెలు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకి బట్టల షాపులో పనికి వస్తాది, ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆధార్ చూపిస్తే జీరో టికెట్. జీతంలో బస్సుకే పోయే దుడ్డు ఇప్పుడు చీటీ కడతాంది. సాయంత్రం పూట సీటు మాత్రం అడగద్దండి. ఆటోలోళ్ళు గొణుక్కుంటాంటే వాళ్ళకి అక్టోబర్ 4న 15 వేలు వేసినారు, మా బామ్మర్దికి పడింది, ఇన్సూరెన్సుకే సరిపాయె అంటాడు.

ఫ్రీ గ్యాస్ సిలిండర్ల సంగతి ఎవరన్నా చెప్పండి. నాకు మొదటిది పడింది, రెండోది పడలేదు.

కొండారెడ్డి_బురుజు77:
ఇవన్నీ ఓట్ల కోసం అలవాటు చేస్తున్నారు సార్. మేము జీఎస్టీ కట్టి చిన్న కిరాణా నడుపుకుంటాంటే మాకు ఏ పథకమూ లేదు. మధ్యలో ఉండేవాడికే దెబ్బ. ఊరికే ఇస్తే పనికి ఎవరు వస్తారు?

కడప_కారం:
@కొండారెడ్డి_బురుజు77 కిరాణా నడిపే మీకే నేను చెప్పాల్నా అన్నా, 2024 సెప్టెంబరులో వంటనూనె మీద దిగుమతి సుంకం పెంచినప్పుడు నూనె ప్యాకెట్ ఎంతకి పోయిందో. 2025 మేలో కొంచెం తగ్గించినారు గానీ పాత ధరకి వచ్చిందా? మీ షాపులో అర లీటరు ప్యాకెట్ అడిగేవాళ్ళు ఎక్కువైనారా తక్కువైనారా? పనికి రాకుండా ఎవరున్నారో నాకు తెలీదు, పైన టైలరమ్మ అక్క పొద్దున్నుంచి మిషన్ తొక్కుతాంది, వాళ్ళాయన మూటలు మోస్తాన్యాడు.

కొండారెడ్డి_బురుజు77:
అర లీటరు సంగతి నిజమే. షాంపూ, సబ్బు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం జీఎస్టీకి వచ్చినాయి గానీ పాత స్టాకు లెక్కలతో నా తల తినేస్తున్నారు. ఒకటి ఒప్పుకుంటా, తల్లికి వందనం పడిన వారంలో నా ఖాతా పుస్తకంలో పాత బాకీలు చానా వరకు క్లియర్ అయినాయి. పేదోళ్ళకి ఇవ్వద్దని కాదు నేననేది, గీత ఒక్క రూపాయి దాటినోడికి సున్నా, దాటనోడికి మొత్తం, ఆ పద్ధతి బాలేదు అంటాన్నా.

గుంతకల్_జంక్షన్:
@ప్రొద్దుటూరు_మగ్గం గ్యాస్ ఏడాదికి మూడు. నాలుగు నెలలకి ఒకటి, ఏప్రిల్ నుంచి జూలై, ఆగస్టు నుంచి నవంబర్, డిసెంబర్ నుంచి మార్చి. ఆ నాలుగు నెలల్లో బుక్ చేసుకోకపోతే ఆ సిలిండర్ పోయినట్టే, తర్వాత దాంట్లో కలవదు. ముందు మనం సిలిండర్ ధర మొత్తం కట్టి తీసుకుంటే డెలివరీ అయినాక రెండు రోజుల్లో అకౌంట్లో వేస్తారు. మీరు రెండోది ఎప్పుడు బుక్ చేసినారు? ఏప్రిల్లో ఒకటి జూలైలో ఒకటి తీసుకోనుంటే రెండోదానికి పడదు.

ఆ ముందు కట్టే దుడ్డే అసలు గొడవ. చేతిలో దుడ్డు లేకనే కదా ఫ్రీ సిలిండర్ కావాల అనేది. మా పక్కింటామె వడ్డీకి తెచ్చి సిలిండర్ తీసుకుంటాది, ఫ్రీ సిలిండర్‌కి వడ్డీ, ఈ వింత యాడన్నా ఉందా.

ప్రొద్దుటూరు_మగ్గం:
నేను ఆగస్టు ఆఖర్లో బుక్ చేసినా. డెలివరీ అయింది, మెసేజ్ వచ్చింది, దుడ్డు రాలేదు.

హంద్రీ_గట్టు:
అట్లయితే మీ ఆధార్‌కి ఏ బ్యాంకు తగులుకుందో చూడండి. మైఆధార్ సైట్లో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని నొక్కితే ఏ బ్యాంకో, యాక్టివ్ ఉందో లేదో చూపిస్తాది. దుడ్డు మనం ఫారంలో రాసిచ్చిన అకౌంటుకి రాదు, ఎన్‌పీసీఐలో (ఎవరి ఆధార్‌కి ఏ బ్యాంకో లెక్క పెట్టుకునే సంస్థ) ఆఖరున ఏ బ్యాంకుకి లింక్ అయిందో దానికే పోతాది. చానామంది ఆడోళ్ళకి పొదుపు సంఘానికొకటి, లోనుకొకటి, ఎప్పుడో క్యాంపులో తెరిచిన జీరో అకౌంటు ఒకటి ఉంటాయి, దుడ్డు ఆ పాతదాంట్లో పడి నిద్రపోతాంటాది. మా వదినకి మూడు పథకాల దుడ్డు అట్లే దొరికింది, ఆ పాస్‌బుక్కు బీరువా అడుగున పాత చీరల కింద ఉంది! అకౌంటే లేకుంటే పోస్టాఫీసులో తెరిస్తే తొందరగా లింక్ అవుతాది.

సుగ్గి_వెంబడి:
ఉల్లిగడ్డ ధర పడిపోయిందని ఇస్తామన్న దుడ్డు ఎవరికన్నా పడిందా? హెక్టారుకి 50 వేలు అన్యారు కదా మన జిల్లాకి. మేము ఎకరన్నర గుత్తకి చేసినాము, కర్నూలు మార్కెట్‌కి తీసకపోతే బాడుగ కూడా రాదని పొలంలోనే గొర్రెలకి ఇడిసినాము.

కొండారెడ్డి_బురుజు77:
ఈ-క్రాప్‌లో (పంట నమోదులో) ఎవరి పేరుందో చూసుకోండన్నా ముందు. గుత్తకి చేసినోడి పేరు ఎక్కకపోతే భూమి ఓనరుకే పోతాది. రైతు సేవా కేంద్రంలో లిస్టు పెడతారు, అందులో మీ పేరు లేకపోతే అక్కడికక్కడే కాగితం రాసివ్వండి.

అనంతపురం_టైలరమ్మ:
అందరికీ చానా థ్యాంక్స్. హంద్రీ అన్న చెప్పినట్టే పోయి అడిగినా. నా ఆధార్ మీద నాలుగు మీటర్లు ఉన్నాయంట!! ఒకటి మాది, మూడు మేము పెండ్లయిన కొత్తలో ఉన్న ఇంటివి, అందులో ఒకటి పిండి మర. పిండి మర కరెంటు నా నెత్తిన. ఆ పిల్ల డిజిటల్ అసిస్టెంటు మంచిదే, స్క్రీను నా దిక్కు తిప్పి చూపించి నంబర్లు తనే రాసిచ్చింది, అంతకుముందు అడిగినప్పుడు వేరే ఆయన ఉండె. కరెంటాఫీసులో అర్జీ ఇచ్చినా, ఏఈ క్యాంపుకి పోయినాడు సోమవారం రమ్మన్యారు. సోమవారం అంటే కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ కూడా ఉంటాది కదా, రెండూ ఒకే రోజు పెట్టుకుంటా. తీసినాక జూన్‌ది పాత డబ్బులు ఇస్తారా, లేక వచ్చే ఏడాది నుంచేనా?

కడప_కారం:
మా కొడుక్కి మ్యాపింగ్ సరి చేసినాక, గ్రీవెన్స్ పెట్టి ఉన్నాం కాబట్టి తర్వాత విడతలో వేసినారు. మీకు కూడా అట్లే అవుతాదని నేను చెప్పలేను, కానీ గ్రీవెన్స్ నంబరు లేకుండా మాత్రం ఎవ్వరికీ పడలేదు మా దిక్కు. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తీసుకోకుండా రావద్దు అక్కా, ‘ఎంటర్ చేసినాంలే పోండి’ అంటారు, నంబరు ఇచ్చేదాకా ఆ కుర్చీ కదలద్దు. కలెక్టరేట్‌కి పోలేకపోతే 1100కి ఫోన్ చేసినా నంబరు ఇస్తారు. పథకం స్టేటస్ అయితే మన మిత్ర వాట్సాప్‌లో చూసుకోవచ్చు, 9552300009కి హాయ్ అని పెట్టండి.

ప్రొద్దుటూరు_మగ్గం:
హంద్రీ అన్నా చూసినా, నాది యాక్టివ్ అనే ఉంది గానీ నేనెప్పుడూ పోని బ్యాంకు పేరు చూపిస్తాంది. ఆ బ్యాంకు మా ఊర్లో యాడుందో కూడా నాకు తెల్దు. ఏం చేసేది ఇప్పుడు?

హంద్రీ_గట్టు:
ఆ బ్యాంకుకి పోయే పని లేదు. మీరు రోజూ వాడే బ్యాంకుకి ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్కు తీసకపోయి ఎన్‌పీసీఐ మా అకౌంటుకి మార్చండి అని ఫారం ఇయ్యండి, లింకు ఇటు మారిపోతాది. ఆ తెలియని అకౌంటు సంగతి మాత్రం ఊరికే వదిలిపెట్టద్దండి, మీ పేరు మీద ఎవరు తెరిచినారో, ఇన్నాళ్ళూ అందులో ఏమేం పడిందో అడిగి స్టేట్‌మెంట్ తీయించండి. మైక్రో లోన్ ఏమన్నా తీసుకున్యారా ఎప్పుడన్నా?

ప్రొద్దుటూరు_మగ్గం:
అవునన్నా, కరోనా టైంలో మగ్గం నిలిచిపోయినప్పుడు గ్రూప్ లోన్ తీసుకున్యాము. అప్పుడు ఏలిముద్రలు వేయించుకున్యారు.

హంద్రీ_గట్టు:
అదే అయ్యుంటాది. రేపు పోయి చూసి ఏం చెప్పినారో ఈడ రాయండి.