మినియాపోలిస్‌లో పాత ఇల్లు: కిటికీలన్నీ మార్చాలా?

ప్రశ్న: నమస్తే అండీ. 1950ల్లో కట్టిన ఇల్లు కొన్నాం. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఆగకుండా తిరుగుతున్నా మేడ మీద గదుల్లో చలే. అత్తయ్యగారు స్వెట్టర్ మీద శాలువా కప్పుకుంటున్నారు. కిటికీలన్నీ మార్చాలని సేల్స్‌మన్ టెన్షన్ పెడుతున్నాడు. మార్చేయమంటారా?

జవాబు: ఆగమ్మా, వాడి పని అమ్మడం! ముందు అటక చూడండి. వేడిగాలి పైకే పోతుంది. లైట్లు, పైపులు, అటక మూత చుట్టూ సందులు మూయించాకే ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, వేయించండి. అది వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఆర్-49కి తగ్గొద్దు. సందులు వదిలేసి ఎంత మందం పరిచినా గాలి దూరిపోతూనే ఉంటుంది. బ్లోయర్ డోర్ టెస్ట్ చేయిస్తే ఇంకా మంచిది. వాకిట్లో పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలి బయటికి లాగుతారు, ఎక్కడ లీకవుతోందో తెలిసిపోతుంది.

ప్రశ్న: సందులన్నిటికీ ఫోమ్ (ఉబ్బి గట్టిపడే నురగ) కొట్టేయొచ్చా అంకుల్?

జవాబు: ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ మాత్రం వద్దు. అక్కడ రేకు, మంటకు తట్టుకునే సీలెంట్ వాడాలి.

ఇంకొకరు: కిటికీలకు ఈ ఏడాది ప్లాస్టిక్ ఫిల్మ్ చాలక్కా. అంటించి హెయిర్ డ్రయ్యర్ పెడితే బిగుసుకుంటుంది. పోపు ఘాటు పోగానే వంటింటి ఫ్యాన్ ఆపేయండి, అది వేడిగాలినీ బయటికి తోసేస్తుంది. మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా వినరు. బేస్‌మెంట్‌లో పునాది గోడ మీద చెక్క ఆనే చోట కూడా చూసుకోండి, అక్కడా సందులుంటాయి.