యూరప్ కార్బన్ లెక్క: చిన్న బోల్టుల యూనిట్ డబ్బు ఎక్కడ పెట్టాలి?

జీడిమెట్ల యూనిట్:
నమస్తే అందరికీ. మాది జీడిమెట్లలో చిన్న బోల్టుల యూనిట్, వైర్ రాడ్ (చుట్టలుగా వచ్చే ఉక్కు కడ్డీ) కొని కోల్డ్ ఫోర్జింగ్, థ్రెడ్ రోలింగ్, హీట్ ట్రీట్‌మెంట్ అన్నీ ఇక్కడే చేస్తాం. టన్ను బోల్టులకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో సీబామ్ (యూరప్ దిగుమతి సరుకుల మీద వేసే కార్బన్ సుంకం) లెక్క పంపమని జర్మనీ పార్టీ అడుగుతున్నారు. 2026 జనవరి నుంచి అది డబ్బుతో ముడిపడింది కాబట్టి, ఇవ్వకపోతే వేరే సప్లయర్‌ను చూసుకుంటామని తేల్చి చెప్పేశారు. వర్కర్ల జీతాలు సగం ఆ ఆర్డరు మీదే నడుస్తాయి, అందుకే టెన్షన్. షెడ్డు మీద సోలార్ పెట్టడానికి బ్యాంకులో లోన్ మాట్లాడుతున్నాను. దానితో మొదలుపెట్టడం సరైనదేనా?

ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్స్:
లోన్ పేపర్ల మీద సంతకం పెట్టకండి సార్, ఆగండి. ఇనుము, ఉక్కు సరుకులకు సీబామ్‌లో ప్రస్తుతం నేరుగా వెలువడే ఉద్గారాలే లెక్క, కరెంటువి కలపరు (సిమెంటు, ఎరువులకైతే కలుపుతారు). సోలార్‌తో మీ బిల్లు తగ్గుతుంది గానీ జర్మనీకి పంపే అంకె కదలదు. ఆ అంకెలో పెద్ద వాటా మీరు కొనే వైర్ రాడ్‌ది. బ్లాస్ట్ ఫర్నేస్ ఉక్కుకు టన్నుకు 2 టన్నుల పైనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, తుక్కు కరిగించి ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో చేసినదానికి నేరుగా వచ్చేది చాలా తక్కువ. ఏ రూట్ ఉక్కో మిల్లును అడగండి. తుక్కు రూట్‌కు మారేట్టయితే ముందు ట్రయల్ లాట్ వేయండి, రాగి ఎక్కువున్న ఉక్కు హెడ్డింగ్‌లో (బోల్టు తల కొట్టేటప్పుడు) ఏడిపిస్తుంది. ఇంకోటి, ఆ పార్టీ ఏడాదికి దిగుమతి చేసుకునే సీబామ్ సరుకంతా కలిపి 50 టన్నులు దాటకపోతే వాళ్లకు మినహాయింపు ఉంది, అదీ కనుక్కోండి.

ఫర్నేస్ మెయింటెనెన్స్:
అన్నా, మీ చేతిలో ఉన్నది హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్. ఎల్‌పీజీ అయితే కిలో కాలిస్తే దాదాపు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్. రాత్రి షిఫ్టులో లైట్లు ఆర్పి ఫర్నేస్ తలుపు చుట్టూ చూడండి, అంచుల్లోంచి ఎర్రగా వెలుగు కనిపిస్తే మీ గ్యాసు డబ్బు అక్కడే పోతున్నట్టు, సీల్ మార్పించండి. పొగగొట్టంలో ఆక్సిజన్ కొలిపించి బర్నర్ ట్యూన్ చేయించండి, గాలి ఎక్కువైతే వేడంతా పొగతో పోతుంది. చిన్న చిన్న లాట్ల కోసం మళ్లీ మళ్లీ వెలిగించకుండా పోగుచేసి ఒకే ఊపులో నడపండి. ఫర్నేస్‌కు విడిగా గ్యాస్ మీటరు పెట్టి, షిఫ్టుకు ఎన్ని టన్నులు తీశారో పక్కనే రాయించండి, వెరిఫై చేసేవాళ్లు వస్తే చూపించడానికి ఆ రికార్డు ఉంటుంది. వీటిలో ఏదీ సోలార్ అంత ఖర్చు కాదు.

ఎంఎస్ఎంఈ లోన్లు:
ఫర్నేస్‌కు రికూపరేటర్ (పొగలో పోయే వేడిని మళ్లీ వాడుకునే పరికరం) లాంటిది పెట్టాలనుకుంటే బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) వాళ్ల అడీటీ పథకం చూడండి. సూక్ష్మ, చిన్న యూనిట్లకు వడ్డీ రేటులో 5 శాతం పాయింట్లు, మధ్యతరహాకు 3 శాతం పాయింట్లు వాళ్లు భరిస్తారు, కనీసం 10 శాతం ఇంధనం ఆదా చూపాలి. మీ సెక్టారు, మీ క్లస్టరు జాబితాలో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

జీడిమెట్ల యూనిట్:
చాలా థ్యాంక్స్. సోలార్ పక్కన పెడుతున్నాను. మరి మిల్లు వాళ్లు లెక్క ఇవ్వకపోతే?

ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంట్స్:
డిఫాల్ట్ అంకె (అసలు లెక్క లేనప్పుడు వాడమని యూరప్ వాళ్లు ఇచ్చే అంకె) వేసుకోవాల్సి వస్తుంది, అది మామూలుగా అసలుకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే వచ్చే పర్చేజ్ ఆర్డర్‌లోనే టెస్ట్ సర్టిఫికెట్‌తో పాటు ఉద్గారాల లెక్క కూడా ఇవ్వాలని షరతు రాయండి. ఆ మిల్లు దగ్గరే కొనే యూనిట్లు మీ ఏరియాలో ఇంకా ఉంటాయి, అందరూ కలిసి ఒకే లెటర్ పెట్టండి. ఒక్కరు అడిగితే మిల్లు పట్టించుకోదు.