వచ్చిన దానికే... ‘కే’నా, ‘కి’నా? రెండో పాదం ఎవరికైనా గుర్తుందా?

నల్లగొండ: పాలిటెక్నిక్ రోజుల్లో మా ల్యాబ్ సార్ యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్ (కంప్యూటర్‌లో యూఎస్‌బీ పోర్టుల్ని నడిపే భాగం) పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు మీద రెండు పాదాలు రాసేవారు. మొదటిది “వచ్చిన దానికే వ్రాయు మొక్కటిని”. ఏం జరిగిందో బిట్లుగా చూపే స్టేటస్ రిజిస్టర్‌లో ఏ బిట్ లేచిందో (1 అయిందో) దానికి 1 రాస్తేనే అది దిగుతుందని (0 అవుతుందని) చెప్పడానికి. రెండో పాదం ఎంత గింజుకున్నా రావట్లేదు. అదే సార్ దగ్గర చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. దయచేసి చెప్పండి.

మిర్యాలగూడ: నేనూ ఆయన శిష్యుణ్నే. ‘దానికే’ కాదన్నా, ‘దానికి’. నా నోటికి అట్లనే వచ్చు.

దేవరకొండ: ‘కి’ అయితే పాఠమే తప్పవుతుంది. ఈహెచ్‌సీఐ (యూఎస్‌బీ 2.0 హోస్ట్ కంట్రోలర్ రకం) స్టేటస్ రిజిస్టర్ చదివితే 5 వచ్చిందనుకోండి, అంటే 0వ, 2వ బిట్లు (1+4) లేచాయి. 0వ బిట్ అంటే ట్రాన్స్‌ఫర్ పూర్తయింది, 2వ బిట్ అంటే పోర్టులో మార్పు. ఇప్పుడు 0వ బిట్ ఒక్కటే దింపాలని, అలవాటు కొద్దీ చదివిన 5కి 1ని ‘ఆర్’ చేసి (రెంటిలో ఎక్కడ 1 ఉన్నా 1గా కలిపి) తిరిగి రాశారనుకోండి, పోయేది మళ్లీ 5. రెండూ చెరిగిపోతాయి. పెన్‌డ్రైవ్ పెట్టిన కబురు ఎవరూ చూడకముందే తుడిచేసినట్టు. రాయాల్సింది ఉత్త 1. ఆ జాగ్రత్త మొత్తం ‘ఏ’లోనే ఉంది. ‘మాత్రమే’ అని నొక్కి చెప్పే అవధారణ ఏకారం ఊరికే రాదు.

వనపర్తి: మీరంతా అర్థం దగ్గరే ఆగారు. ముందు గణాలు చూడండి. ఇది ద్విపద. వచ్చిన, భ గణం. దానికే, ర గణం. వ్రాయుమొ, ర గణం. చివర క్కటిని, న గణం. మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. వ-వ్రా యతి. ‘దానికి’ అన్నా భ గణమే, అదీ ఇంద్ర గణమే. కాబట్టి ఛందస్సు ఈ తగువు తీర్చదు. ద్విపద మన పాలమూరు మట్టిలో పుట్టి పెరిగినంత దగ్గరిది. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి ఏలిన వర్ధమానపురం మన నందివడ్డెమానే కదా. అంత కథనూ రెండేసి పాదాల్లో పరుగెత్తించాడు మహానుభావుడు.

భువనగిరి: ఒక్క మాట సార్. ‘దానికి వ్రాయు’ అన్నప్పుడు తర్వాత ‘వ్రా’ సంయుక్తం. ‘కి’ గురువవుతుంది. అప్పుడు అదీ ర గణమే.

వనపర్తి: కాదు మేడం. విడి తెలుగు మాటల మధ్య పదాది సంయుక్తం ముందరి హ్రస్వాన్ని గురువు చేయదు. అది సంస్కృత సమాసంలో మాట.

కోదాడ: నాకైతే అసలు చిక్కు ‘వచ్చిన’ దగ్గర ఉంది. మనం చదివిన తర్వాత, తిరిగి రాసేలోపు ఇంకో బిట్ లేస్తే? అదీ వచ్చిందే. కానీ మనం చూడలేదు కాబట్టి దాని చోట 0 రాస్తాం, 0 రాస్తే ఆ బిట్ కదలదు, అలాగే నిలబడి ఉంటుంది. అందుకే డ్రైవర్లు (కంట్రోలర్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్) చదివిన విలువలోంచి తమకు కావాల్సిన బిట్లనే వడగట్టి, దాన్నే తిరిగి రాస్తాయి. అంటే ‘చూచిన దానికే’ అనాలి.

వనపర్తి: అర్థం బాగుంది. కానీ బోర్డు మీద రెండో పాదం చ్చ ప్రాసతో ఉంటే మీ ‘చూచిన’ నిలవదు.

మిర్యాలగూడ: ఆ సార్ ఓహెచ్‌సీఐ (ఇంకో రకం యూఎస్‌బీ హోస్ట్ కంట్రోలర్) కూడా చెప్పేవారు. అందులో ఇంటరప్ట్ స్టేటస్, ఎనేబుల్, డిజేబుల్ మూడూ వేరువేరు రిజిస్టర్లు. స్టేటస్‌లో 1 రాస్తే చెరుగుతుంది, ఎనేబుల్‌లో రాస్తే తెరుచుకుంటుంది, డిజేబుల్‌లో రాస్తే మూసుకుంటుంది. మూడింటికీ 1 రాయడమే. ఆ లెక్కన ‘దానికి’ అంటే చాలు.

దేవరకొండ: చాలదన్నా. స్టేటస్ రిజిస్టర్ అక్కడా ఇలాంటిదే. ఏకారం బలం తెలియాలంటే పోతన దగ్గరికి పోండి. “నీవే తప్ప నితఃపరం బెఱుఁగ”. ఆ ఏకారం తీసి ‘నీవు తప్ప’ అనండి, ఏనుగు మొర సగం చల్లారిపోతుంది. ఆ పద్యం మొదలే “లావొక్కింతయు లేదు” అని తన స్థితి చెప్పుకోవడం.

భువనగిరి: అదే పద్యంలో “రావే యీశ్వర, కావవే వరద” ఉంది, దాన్ని ఎందుకు వదిలారు? అక్కడి ఏకారం అవధారణ కాదు, వేడుకోలు. ఒకే పద్యంలో ఒకే అచ్చు రెండు పనులు చేస్తోంది. కాబట్టి ఏకారం కనబడగానే ‘మాత్రమే’ అని అర్థం చెప్పేయకూడదు.

దేవరకొండ: క్రియ చివరి ఏకారానికీ విభక్తి మీది ఏకారానికీ పోలిక లేదు మేడం. ‘దానికే’లో వేడుకోలు ఎక్కడిది?

నల్లగొండ: అందరికీ దండాలు. రెండో పాదం...?

వనపర్తి: నాకు గుర్తున్నది కాదు, నేను కట్టింది. “హెచ్చుగ వ్రాసిన నెగురు నన్నియును”. చ్చ ప్రాస కుదిరింది, హె-ఎ యతి. ఎక్కువ ఒకట్లు రాస్తే అన్నీ ఎగిరిపోతాయని.

కోదాడ: ‘అన్నీ’ అనకండి సార్. ఈహెచ్‌సీఐలో రాసి దింపగలిగేది కింది 6 బిట్లే. 12వ బిట్, కంట్రోలర్ ఆగిందని చెప్పేది, చదవడానికే ఉంది. దాని మీద ఎన్ని ఒకట్లు రాసినా చలించదు. కంట్రోలర్‌ను నడిపే రన్ బిట్ తీసేస్తే 16 మైక్రోఫ్రేముల్లో, అంటే 2 మిల్లీసెకన్లలో, అదే లేస్తుంది.

మిర్యాలగూడ: పాదం బాగుంది గానీ సార్‌ది అది కాదు. సార్ పాదంలో ‘సున్న’ ఉండేది. అది మాత్రం ఖాయం.

భువనగిరి: ‘సున్న’ ఉంటే ఆ పాదం ‘ఇచ్చిన సున్నతో’ అని మొదలై ఉండాలి, ప్రాస కోసం. అది తర్వాత చూద్దాం. నాకు మొదటి పాదంలోనే ఇంకో అనుమానం. ‘ఒక్కటిని’ ఎందుకు? జడం కర్మ అయినప్పుడు ‘వ్రాయుము ఒక్కటి’ అంటే సరిపోతుంది కదా. ఆ ‘ని’ గణం కోసం వచ్చిందా, సార్ నోట అట్లనే ఉండేదా? మిర్యాలగూడ తమ్ముడూ, నువ్వే చెప్పాలి.