అప్‌డేట్: బాతు, సూర్యబింబం గుర్తుల సంగతి

ఈజిప్టు శాసనపు నకలులో బాతు, దాని వీపుపైన సూర్యబింబం కనిపిస్తే, వాటి అర్థం ‘సూర్యుని చేరే ఆత్మ’ అయి ఉంటుందా అని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. నా ఊహ పూర్తిగా తప్పు.

ఆ బాతు, శీతాకాలంలో మన కొల్లేటికి కూడా వలస వచ్చే సూదితోక బాతు. అయితే అక్కడ దానికి పక్షి అనే అర్థమే లేదు. ఈజిప్షియన్లు అచ్చులు రాసేవారు కారు కనుక, ఆ బాతు పేరులోని హల్లులూ ‘కొడుకు’ అనే మాటలోని హల్లులూ ఒకటే కావడంతో, గీయడానికి వీలుకాని ‘కొడుకు’కు బదులు బాతును గీశారు. మనం ‘వాటా’ అనే అర్థంలో ‘పాలు’ అని రాయవలసినచోట పాలకుండ బొమ్మ వేసినట్లన్నమాట. బింబం ‘రా’ అనే సూర్యదేవుడు. రెండూ కలిస్తే ‘రా కుమారుడు’; ఫరో (ప్రాచీన ఈజిప్టు రాజు) జన్మనామం ఉన్న అండాకారపు చట్రానికి ముందు వచ్చే బిరుదు ఇది.

ఆ చట్రంలోనూ మొదటి గుర్తు బింబమే. 1822లో, ఈ లిపిని ఛేదించిన ఫ్రెంచి పండితుడు షాంపోలియన్, ప్రాచీన ఈజిప్షియన్ నుంచి వచ్చిన కాప్టిక్ భాషలో సూర్యుణ్ణి ‘రే’ అంటారన్న ఆధారంతోనే రామ్సెస్ అనే ఫరో పేరును గుర్తించాడు.

నేను చేసిన మరో పొరపాటు, వరుసను ఎడమ నుంచి చదవడం. పక్షులు, మనుషులు ఎటు చూస్తుంటే అటువైపు నుంచే చదవాలట. నా నకలులో బాతు ముఖం కుడివైపుకు ఉంది.